తేలు కుట్టిన ఆదివారం

మా జట్టు పరాయి మైదానంలో ఆడితే
మాకు ప్రవేశం లేదు.
ఎప్పుడో ఒక తుపాకీ పేలింది, ఒక కుర్రాడు పోయాడు,
అప్పటినుంచీ బ్యూనస్ ఐరిస్ శివార్లలో
సగం గ్యాలరీ కాంక్రీటుకే వదిలేస్తారు.

అయినా వెళ్లాను.
అక్క మొగుడు ఓస్వాల్దోది ఆకుపచ్చ టోపీ అడిగి తెచ్చుకున్నా.
"పోగొట్టావో, మీ అక్కకి విడాకులే" అన్నాడు.
సగం నిజంగానే అన్నాడు.
పైనంతా ఆకుపచ్చ. ఎడమ బూటు లోపల మాత్రం
మా ద్రాక్షసారా రంగు మేజోడు.
కుడికాలికి మామూలుది. రెండూ వేస్తే అతి అవుతుందని.

గేటు దగ్గర పోలీసు కార్డు చదివాడు:
గ్రిసెల్దా ఫెరేయ్‌రా. కింద మా పేట, మా వీధి.
ఒక చూపు కార్డు మీద, ఒక చూపు టోపీ మీద.
"పెళ్లయి ఇటొచ్చాను" అన్నాను.
"మంచి జట్టులోకే వచ్చావు."
కడుపులో ఏదో కాలింది. తలూపి లోపలికి నడిచాను.

వాళ్ల పాటలన్నీ నాకొచ్చు.
ముప్ఫై ఏళ్లు అవతలి గోడ మీంచి వింటే
శత్రువు పాట సొంత పాటకన్నా బాగా వస్తుంది.
మా అమ్మల్ని తిట్టే చరణం దగ్గర
పెదాలు కదిపాను, గొంతివ్వలేదు.
దేవుడు అది లెక్కలో వేసుకోవాలి.

ఎనభై ఎనిమిదో నిమిషం. కార్నర్.
మా కీరోస్, రెండేళ్లుగా ఒక్క గోలు లేనివాడు,
మొన్న గురువారమే నేను నోరారా తిట్టినవాడు,
ఎగిరాడు. తల కాదు, భుజమో చెవో తగిలింది.
వల ఊగింది.

ఆ నిశ్శబ్దం వినాలి మీరు.
తొమ్మిది వేలమంది ఊపిరి మరచిపోతే
మైదానం మీద పదకొండు మంది కేరింత
పక్కింటి పెరట్లో పిల్లల ఆటలా ఎంత చిన్నగా వినిపిస్తుందో.

నా గొంతులో పడ్డది వెలక్కాయ కాదు, ఒక పూర్తి గోలు.
మోకాళ్లు లేవబోయాయి.
రెండు చేతులూ వేసి అదిమి కూర్చోబెట్టాను.
తేలు కుట్టిన దొంగ అరవడు, సరే,
కుట్టినచోట తియ్యగా ఉంటే ఏం చెయ్యాలి?

ఎడమ బొటనవేలొక్కటే నా మాట వినలేదు.

పక్కన ముసలాయన, మోకాళ్ల మీద రేడియో,
నా వైపు తిరగకుండానే అన్నాడు:
"నీ కాలు ఆడుతోంది."
మడతపెట్టిన పేపరు తీసి
నా బూటు మీద పరిచాడు. రేడియో కట్టేశాడు.

చుట్టూ తిట్లు మొదలయ్యాయి. నేనూ తిట్టాను,
కీరోస్‌ని, వాడి తాతని, మనస్ఫూర్తిగా,
కళ్లనీళ్లు కారుతుండగా.
వెనక మెట్టు మీంచి ఒక పిల్లాడు
సగం కొరికిన చోరిపాన్ ముందుకి చాపాడు.
"ఏడవకు పెద్దమ్మా, వచ్చే వారం చూద్దాం."
తిన్నాను. రుచిగా ఉంది.
ఆ సాసేజి ముక్క ఇప్పటికీ అరగలేదు.

రైల్లో నలభై నిమిషాలు
ఓడిపోయిన మొహం మొయ్యడం తేలికేం కాదు,
బుగ్గలు నొప్పెడతాయి.
మా స్టేషనుకి ఒకటి ముందే దిగిపోయాను.
గేటు పడింది. సోయా గింజల గూడ్సు వస్తోంది,
ఇరవై వ్యాగన్లు, ముప్ఫై, ఇనుము మీద ఇనుము.

అప్పుడు అరిచాను.
రెండు గంటలు ఆలస్యంగా, పట్టాలకేసి,
వంగి, కడుపు పట్టుకుని.

ఆఖరి వ్యాగన్ నేననుకున్నదానికన్నా ముందే వెళ్లిపోయింది.
గోలులోని చివరి "ఓ" ఒక్కటీ
ఖాళీ పట్టాల మీద మిగిలిపోయింది.
గేటవతల సైకిలాయన
నన్ను చూశాడు, నెత్తిమీద ఆకుపచ్చ చూశాడు.
"గెలిచారా మీవాళ్లు?"

"గెలిచారు" అన్నాను
టోపీ తియ్యకుండానే.